ఆఫీసు రోజు నీళ్లు తాగని మనిషి

తండా మలుపులో కరెంటు స్తంభానికి ఆమె ఫ్లెక్సీ కట్టారు. మొన్న కూరగాయలకని పోయి వస్తూ చూశాను. పదో దినానికి కొడుకు వేయించాడట. చుట్టూ రంగురంగుల పూలు, పైన దీపం బొమ్మ, నడుమ ఆమె ముఖం. పెదవులు బిగబట్టి, కళ్లు పెద్దవి చేసుకొని ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంది.

"ఎంత కోపంగ చూస్తుందో చూడు నాయినమ్మా" అంది నా పక్కన నడుస్తున్న మనవరాలు.

కోపం కాదు. ఆ ఫొటో పింఛన్ కోసం దిగింది. ఆఫీసు పని ఉన్న రోజు ఆమె పొద్దున లేచినప్పటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. ఆ ముఖం మీద ఉన్నది దాహం.

ఆమె పేరు రాయను. ఆఫీసు గుమ్మం ముందు ఎవరైనా తన పేరు పిలిస్తే ఉలిక్కిపడి, చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా మరిచిపోయేది. "పిలువని పేరే మంచి పేరక్కా" అనేది. ఇప్పుడు పోయాక నేను పిలిచి బెదరగొట్టడం ఎందుకు?

మా చేన్లో మిరపకాయ ఏరడానికి, పత్తి తీయడానికి కైకిలికి వచ్చేది. ఎప్పటి నుంచి అంటే చెప్పలేను. నా కోడలు కాపురానికి రాకముందు నుంచే. మేకలతో వాళ్ల తండా భాష మాట్లాడేది, మాతో తెలుగు మాట్లాడేది. గుబులు పుట్టినప్పుడు రెండూ కలిసిపోయేవి. అప్పుడు ఆమె చెప్పేది మేకలకూ అర్థమయ్యేది కాదు, మాకూ అర్థమయ్యేది కాదు.

గుబులు ఎప్పుడూ ఉండేది. ఒకసారి రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టలేదు. మిరపకాయలు ఏరీ ఏరీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి మరి. ఆ రోజు బియ్యం లేకుండా ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ఆ వేలిని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. ఆఫీసుకు పోవాలంటే ముందు రోజు నుంచే దానికి గుడ్డపీలిక చుట్టేది. గిన్నెలు తోమేది కాదు, కారం నూరేది కాదు.

"ఏమే, ఏలుకు దెబ్బ తాకిందా?" అని అడిగితే, "లేదక్కా, దాపెట్టుకుంటున్న" అనేది.

నీళ్ల సంగతీ ఒకసారి అడిగాను. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయి ఉంది మనిషికి. నేను చేతికిచ్చిన చెంబు పక్కన పెట్టింది.

"తాగితే ఒంటికి పోవాలె గదక్కా. గా ఆఫీసుల ఆడోళ్లు ఏడికి పోవాలె? నేను గట్ల పక్కకు పోయినప్పుడే నా పేరు పిలుస్తరు. నేను లేనని కొట్టేస్తరు."

ఆమె భర్త చెల్పూరు దిక్కున పని చేసేవాడు. అక్కడ బొగ్గు కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ బూడిదను లారీలకు నింపే కంపెనీ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు, ఎప్పుడో మూతపడ్డది. ఆ కంపెనీవాళ్లు ఆయనకు ఫొటో ఉన్న గేటు పాసు ఒకటి నీలం తాడుతో మెడలో వేశారు. ఇక అది మెడలోంచి తీసింది లేదు. తండాకు వచ్చినప్పుడు వేసుకునేవాడు, పెళ్లిళ్లకు వేసుకునేవాడు. మేకలు కాయడానికి పోయినా అదే. "ఏం సారూ, మేకలకు గూడ గేటు పాసు జూపిస్తవా?" అని పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. ఆయన నవ్వేవాడు, దగ్గేవాడు, పాసు మీది బూడిదను అంగీతో తుడుచుకునేవాడు.

ఆయన పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాళ్లలో ఒక ఆచారం ఉంది. చనిపోయిన మనిషికి బాగా ఇష్టమైన వస్తువును మనిషితోపాటే పంపిస్తారు. ఒకరికి చేతికర్ర, ఒకరికి పొగాకు సంచి. ఆమె ఇంట్లోకి పోయి గేటు పాసు తెచ్చి, తన చేతులతోనే ఆయన మెడలో వేసి, ఛాతీ మీద సరిగ్గా పెట్టింది. "గిది లేకుంటే గాడ గేటు కాడ ఆపుతరు" అంది. ఎవరూ నవ్వలేదు. పాసు ఆయనతోనే కాలిపోయింది.

కొన్నాళ్లకు ఆమె మోకాళ్లు చెడిపోయాయి. కైకిలికి రావడం మానేసింది. కొడుకు మహబూబాబాద్‌లో, అదే మేం మానుకోట అంటాం, ఆటో నడుపుతాడు. ఒక్క గదిలో పెళ్లాం పిల్లలతో ఉంటాడు. "మేకలు అమ్ముకొని వచ్చెయ్ యాడీ" అని ఫోన్ చేసేవాడు. యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. ఆమెకు అదే బెంగ.

"గా రూముల నేను కాళ్లు సాపితే కోడలు కాళ్లు ముడుసుకోవాలె అక్కా. పింఛన్ వస్తే నా ఇంట్ల నేనుంట, నా మేకలు నాకుంటయి. రాకుంటే అన్నీ అమ్ముకొని మానుకోటకు పోవుడే."

అట్లా మండలాఫీసుకు పోయింది. అక్కడి సారు చెడ్డవాడు కాదు. కుర్చీ కూడా చూపించాడట. ఈమే కూర్చోలేదు.

"నీ పెనిమిటి ఏం పని జేసేటోడు?" అని అడిగాడు.

"కంపెనీల సారూ" అంది ఈమె, కొంచెం మెడ నిలిపి.

అదీ ఆమె చేసిన పొరపాటు. కూలి అని ఉంటే ఆ రోజే అయిపోయేది. బయట కూర్చున్న ఆడవాళ్లు, "కూలోడంటే సరిపోవు గదనే, నీకెందుకు కంపెనీ గొప్పలు!" అని నెత్తి మొత్తుకున్నారు. "ఆయన ఉంటే కూలోడననిస్తుండెనా?" అని ఈమె జవాబు.

ఇంతకూ సారు చెప్పింది ఇది: కంపెనీ అంటే జీతంలోంచి కొంత పట్టుకొని జమ చేస్తారు, అట్లా జమ చేసి ఉంటే భార్యకు పింఛన్ అక్కడి నుంచే వస్తుంది, ముందు ఆ హక్కు అడగాలి. "అది రాదని భూపాలపల్లిల గా జమ లెక్కలు జూసే ఆఫీసు నుంచి కాగితం తే అమ్మా. గప్పుడు ఇక్కడ రాసుకుంట. నాకు వచ్చిన ఆర్డరు గదే."

తండాలో దీని మీద పంచాయితీ నడిచింది. అక్కడి పింఛన్ వచ్చినా ఇక్కడి దాంట్లో సగం కూడా ఉండదని ఒకడన్నాడు. అది తేలేలోపల మనిషే తేలిపోతుందని ఇంకొకడన్నాడు. అది తేలేదాకా ఇది ఇవ్వరు అన్న మాట మాత్రం అందరూ ఒప్పుకున్నారు. లోకంలో జనం ఆఫీసులకు పోయి ఇవ్వండని దండం పెడతారు. ఈమె ఇవ్వబోమని రాసివ్వండని దండం పెట్టడానికి పోవాల్సి వచ్చింది.

నాకు నాలుగు అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చు. తోడు రమ్మంది. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సరేనన్నాను. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ మూట కట్టుకొని, సీసాలో ఇంటి నీళ్లు పట్టుకొని పోయాం. హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటి పోతుంటే దూరంగా చెల్పూరు పొగగొట్టం కనిపించింది. ఆమె కిటికీలోంచి వేలు చూపించి, "గదక్కా, ఆయన పొగ" అంది. ఆ వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

ఆఫీసులో కంప్యూటర్ ముందు ఒక చిన్న వయసు అమ్మాయి ఉంది. మంచి పిల్ల. మా మాట ఓపికగా విన్నది. ఆమె మంచితనమే మాకు ముప్పుగా తయారైంది.

"పరేషాన్ గాకు అవ్వా. నీకు రావాల్సింది ఉంటే నేను ఇడిసిపెట్ట. ఎట్లన్న జేసి ఇప్పిస్త" అంది ఆ పిల్ల.

మా మనిషి లేచి బల్ల మీదికి వంగి రెండు చేతులు జోడించింది. "వద్దు బిడ్డా, ఇప్పియ్యకు! నీ కాల్మొక్త, రాదని రాసియ్యి."

"అయ్యో, రాదని ఎట్ల రాస్త అవ్వా? వస్తదేమో!"

ఆ మాటే ఆమెకు భయం. వస్తుంది అన్నా ఒక దారి, రాదన్నా ఒక దారి. వస్తదేమో అంటే మేకలు అమ్ముకునే దారి. నేను కలగజేసుకొని సంగతంతా చెప్పాను. ఆ పిల్ల ముందు నవ్వింది, తరువాత నవ్వు ఆపేసి కంప్యూటర్‌లో వెతికింది. ఆ పేరున్నవాళ్లు మస్తు మంది తేలారు. వాళ్ల తండాలోనే ఆ పేరుతో పిలిస్తే నలుగురు పలుకుతారు.

"వీళ్లల్ల మీ ఆయన ఎవరో తెల్వాలె గదవ్వా. గేటు పాసు ఉన్నదా? దాని మీద నంబరు ఉంటది."

"కాలవెట్టిన బిడ్డా."

"ఎందుకవ్వా?"

"ఆయన మెడల ఏసి పంపిన. గాడ గేటు కాడ ఆపుతరని."

ఆ పిల్ల వేళ్లు ఆగిపోయాయి. మెల్లగా అంది: "నంబరు లేకుంట ఉన్నదని రాయలేను, లేదని రాయలేను. ఏదన్న ఆధారం దొరికితే తీసుకొని రా అవ్వా."

తిరుగు బస్సులో సీసా ఆమె ఒళ్లోనే ఉంది, మూత తీయలేదు. నాకు ఒళ్లు మండింది. "పని గాకపాయె, ఆఫీసు దాటితిమి. ఇప్పుడన్న తాగరాదే!"

"పని గాలే గదక్కా" అంది. "ఇంకా ఆఫీసు రోజే."

ఇల్లు చేరి, గోడకు ఆనుకొని కూర్చున్నాక కూడా ఆమె నీళ్లు తాగడం నేను చూడలేదు.

వానాకాలం వచ్చింది. మేక ఎరువు కోసం తండాకు పోయాను. కొనే ఎరువు కంటే అదే నయం, దండిగా కాస్తుంది. సంచి నింపుతుంటే వాన దంచింది. మేకల కొట్టంలోకి దూరి, తల తుడుచుకుంటూ పైకి చూశాను. పైనుంచి ఆమె మొగుడు నన్నే చూస్తున్నాడు.

చేతిలో సంచి వదిలేశాను. తరువాత అర్థమైంది. ఆయన పదో దినానికి కట్టిన ఫ్లెక్సీ అది. కొట్టం మీద కప్పింది.

"ఏమే, గిదేంది?"

"నువ్వే జెప్తివి గదక్కా, గంత మందం షీటు పారేస్తరా, దేని మీదన్న కప్పుకో అని. బొమ్మ పైకుంటే ఆయన ముఖం మీద వాన పడ్తదని లోపటికి తిప్పిన."

నేను అన్న మాట నిజమే. ఇప్పటికీ అదే అంటాను. వస్తువు పారేయడం నాకు చేతకాదు. కానీ అప్పుడు నా చూపు ఆయన ముఖం మీద నిలవలేదు, మెడ కిందికి పోయింది. అది ఎవరి పెళ్లిలోనో దిగిన ఫొటో. కొత్త అంగీ మీద, నీలం తాడుకు, గేటు పాసు. ఫొటోను అంత పెద్దది చేసేసరికి పాసు పళ్లెమంత అయింది. దాని మీద నంబరు. కళ్లజోడు కొంగుతో తుడుచుకొని ఒక్కొక్క అంకె పైకి చదవడం మొదలుపెట్టాను.

ఆమె వచ్చి నా నోటికి చేయి అడ్డం పెట్టింది. "సదువకక్కా! గది జూస్తే వస్తదని తేలితే?"

"తేలితే తేలనియ్యి. తేలకుండ ఎన్నొద్దులు గిట్ల ఎండుకపోతవే?"

వాన వెలిసేదాకా కొట్టంలోనే ఉన్నాం. మేకలు మా మోకాళ్లకు రాసుకుంటూ నిలబడ్డాయి. చివరికి ఆమే నిచ్చెన తెచ్చింది.

అంకెలు రాసుకొని పోదామంటే ఒప్పుకోలేదు. నువ్వు రాస్తే అది నీ అంకె అంటరు, ఆయన మెడలో ఉన్నదే చూపించాలె అంది. ఫ్లెక్సీని కడిగి, ఆరబెట్టి, చాపలా చుట్టి చంకలో పెట్టుకుంది. మేక వాసన మాత్రం పోలేదు. బస్సులో దాన్ని నిలబెట్టి పట్టుకుంటే కొస విచ్చుకొని ఆయన తల బయటికి వచ్చింది. కండక్టరమ్మ చూసింది.

"ఎవరవ్వా గాయన?"

"నా పెనిమిటి బిడ్డా."

"మరి నీకంటే ఫ్రీ. మొగాయనకు టికెట్ తియ్యాలె గదా!"

బస్సంతా నవ్వింది. ఈమె నవ్వలేదు. నిజంగానే కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. కండక్టరమ్మ గబగబా వచ్చి ఆమె చేయి పట్టుకొని, "ఉట్టిగన్న అవ్వా, ఉట్టిగన్న" అనాల్సి వచ్చింది.

ఆఫీసులో నేల మీద పరిచాం. పని మీద వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. ఒక ముసలాయన చెప్పులు విడిచాడు. "ఏందవ్వా, గిక్కడ సంతాప సభ వెడ్తున్నరా?" అని వాచ్‌మన్ కసిరాడు. ఆ కంప్యూటర్ పిల్ల లేచి వచ్చి, ఫ్లెక్సీ పక్కన మోకాళ్ల మీద కూర్చొని నంబరు రాసుకుంది. పోయి కుర్చీలో కూర్చుంది. చాలాసేపు చూసింది. ఎక్కడికో ఫోన్ చేసి మాట్లాడి, మళ్లీ చూసింది.

మా మనిషి కళ్లు మూసుకొని తన భాషలో ఏదో గొణుక్కుంటోంది. గుడ్డపీలిక చుట్టిన బొటనవేలిని పిడికిట్లో బిగించింది. రాదని చెప్పించమని మొక్కుకుంటోందని నాకు తెలుసు.

"లేదవ్వా" అంది ఆ పిల్ల. "గీ నంబరు గేటు దాటనీకే. జమ అయినోళ్లల్ల మీ ఆయన పేరు లేదు. నీకు అక్కడి నుంచి ఏం రాదు. రాసిస్త, తీసుకపో."

నేను గట్టిగా ఊపిరి వదిలాను. ఈమె ఎగిరి గంతేస్తుంది అనుకున్నాను. కళ్లు తెరిచి నేల మీదున్న ఆయనను చూసింది.

"జర సరిగ్గ జూడు బిడ్డా."

"చూసిన అవ్వా. నీకు కావాల్సింది గిదే గదా?"

"గిదేనమ్మా. గిదే. గని..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన గాడ పని జేసిండు గద బిడ్డా. గా బూడిదల. ఒక్కకాడన్న రాసి ఉంటదనుకున్న."

ఆ పిల్ల తల వంచుకొని కాగితం తయారు చేసి, సంతకం పెట్టించి, ముద్ర కొట్టి తెచ్చింది. నేను కూడబలుక్కొని చదివాను. కంపెనీలో పని చేసినట్టు భార్య చెబుతున్న ఫలానా వ్యక్తి పేరు జమ వివరాల్లో లేదు. అంతే.

"ఆయన పేరు ఉన్నదా దాంట్ల?"

"ఉన్నదే."

"కంపెనీ పేరు?"

"అదీ ఉన్నది."

కాగితాన్ని రెండు చేతులతో తీసుకుంది. బయటికి వచ్చి, నేను చెప్పకుండానే, బస్టాండు ముందు దుకాణంలో జిరాక్స్ తీయించింది. బల్ల మీద కూర్చొని బొటనవేలికి చుట్టిన పీలిక విప్పింది. సీసా మూత తిప్పి సగం తాగింది. ఆగి, కళ్లు తుడుచుకొని, మిగిలిన సగం తాగింది. ఇంత కాలంలో ఆమె గుటకలు వేస్తుంటే చప్పుడు విన్నది ఆ రోజే.

అసలు కాగితం మండలాఫీసులో ఇచ్చింది, పింఛన్ వచ్చింది. మేకలు ఉన్నాయి, ఇల్లు ఉంది. ఫ్లెక్సీ మాత్రం మళ్లీ కొట్టం మీదికి ఎక్కలేదు, ఇంట్లో గోడకు పోయింది. మేకలకు తాటాకులు కప్పింది. మంచి షీటు దండగ చేసిందని నేను తిట్టాను. ఆమె పట్టించుకోలేదు. పింఛన్ తీసుకునే రోజున మాత్రం ఎప్పటిలాగే ఎండిన పెదవులతో మా గడప ముందు నుంచి పోయేది.

"వస్తుంది గదనే, ఇంక భయమెందుకు?"

"నెలనెల ఇస్తరు గని, నెలనెల ఆపొచ్చు గదక్కా."

ఈ ఎండాకాలం నిద్రలోనే పోయింది. మానుకోట నుంచి కొడుకు ఆటోలో వచ్చాడు. వాకిట్లో పడుకోబెట్టారు. డప్పులు వచ్చాయి. ఆమెతో ఏం పంపాలని ముసలివాళ్లు అడిగితే, కొడుకు ఇంట్లోకి పోయి తలగడ కింది నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో మడతలు నలిగిన ఆ జిరాక్స్ కాగితం. "యాడికి గిదంటే పాణం" అన్నాడు. ఛాతీ మీద పెట్టబోయి, ఆగి, నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, గిది మళ్ల ఏడన్న అడుగుతరా?"

ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి నా వైపు చూశారు. వాళ్లందరికీ ఆ కాలిపోయిన పాసు గుర్తుకొచ్చింది. నాకూ గుర్తుకొచ్చింది. అడగరని ఏ నోటితో చెప్పను?

"ఆటో తియ్యి" అన్నాను. "మండలానికి పోయి గీ కాగితం ఇంకో జిరాక్స్ తీయించుకొని రా. ఒకటి మీ యాడికి పెట్టు, ఒకటి నీ కాడ ఉంచుకో."

వాడు ఆటో తీశాడు. డప్పులు ఆగాయి. ఎండ ముదురుతున్నా, ఎందుకని ఒక్కరు కూడా అడగలేదు. తండా అంతా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఇంతలో ఒక ముసలామె, పోయిన మనిషి పెదవులు తడుపుదామని చెంబుతో నీళ్లు తెచ్చి వంగింది.

నేను చేయి పట్టుకొని ఆపాను.

"ఆగవే. కాగితం రానీ. పని గాకముందు తాగదు."